వాల్వు రేడియో మరమ్మతు: విడిభాగాల పునరుద్ధరణలో చారిత్రక సాక్ష్యం

వ్యాససంగ్రహం

పాత వాల్వు రేడియోను మళ్లీ పలికించడాన్ని సాధారణంగా సాంకేతిక కార్యంగానే పరిగణిస్తారు. అయితే రేడియో లోపలి ప్రతి విడిభాగమూ తన కాలపు పరిశ్రమకు, విద్యుత్ సరఫరాకు, శ్రవణ వ్యవస్థకు సాక్ష్యంగా నిలుస్తుంది. చెడిన భాగాన్ని తొలగిస్తే రేడియో పలుకుతుంది గాని ఆ సాక్ష్యం పోతుంది. తొలగించకపోతే సాక్ష్యం మిగులుతుంది గాని రేడియో మూగబోతుంది, కొన్ని సందర్భాలలో ప్రమాదకరంగా కూడా మారుతుంది. కెపాసిటర్లు, రెసిస్టర్లు, స్పీకర్, వాల్వులు, డయల్ అనే భాగాలను వరుసగా తీసుకొని, అవి చెడిపోయే తీరును, వాటిని బాగుచేసే పద్ధతులను, ఆ పద్ధతుల చారిత్రక పర్యవసానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పూర్వపు మరమ్మతులను కూడా చారిత్రక ఆధారాలుగా గుర్తించాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వాల్వు రేడియో, మరమ్మతు, పునరుద్ధరణ, కండెన్సర్, ప్రసార చరిత్ర, భౌతిక సంస్కృతి, ఆకాశవాణి.

1. ఉపోద్ఘాతం

భారతదేశంలో క్రమబద్ధమైన రేడియో ప్రసారాలు 1927 జూలై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కేంద్రంతో మొదలయ్యాయి. మూడేళ్లు నిండకముందే ఆ కంపెనీ మూతపడగా, 1930లో ప్రసారాలు ప్రభుత్వ అధీనంలోకి వచ్చాయి. 1936లో ఈ వ్యవస్థ ఆల్ ఇండియా రేడియో అనే పేరు పొందింది. హైదరాబాదు సంస్థానంలో 1935లో దక్కన్ రేడియో నిజాం ప్రభుత్వ నిర్వహణలో పనిచేయసాగింది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యాయి. 1950లో దక్కన్ రేడియో ఆకాశవాణిలో భాగమైంది. ఈ కాలమంతా తెలుగువారి ఇళ్లలో, గ్రంథాలయాలలో, పంచాయతీ కార్యాలయాలలో, కాఫీ హోటళ్లలో వినిపించినది వాల్వు రేడియోయే. 1960వ దశకంలో ట్రాన్సిస్టరు విస్తరించేవరకు దానికి ప్రత్యామ్నాయం లేదు.

తెలుగు ప్రసార చరిత్రలో కేంద్రాలకు, కార్యక్రమాలకు, రచయితలకు, గాయకులకు దక్కిన స్థానం వినే యంత్రానికి దక్కలేదు. ఆ యంత్రాన్ని దశాబ్దాల పాటు పనిచేయించిన మరమ్మతుదారుల స్థానం మరింత చిన్నది. నాటకానికి రాతప్రతి ఉంటుంది, ప్రసంగానికి ముద్రితపాఠం ఉండవచ్చు. మరమ్మతుదారుని పనికి మిగిలే దస్తావేజు అతడు వేసిన సోల్డరింగ్ అతుకు, మార్చిన వాల్వు, ఛాసిస్‌పై పెన్సిలుతో రాసుకున్న అంకె మాత్రమే. ఇప్పుడు వాల్వు రేడియోల పునరుద్ధరణ ఒక అభిరుచిగా, కొంతవరకు వ్యాపారంగా వ్యాపిస్తున్నది. ‘అసలు రూపానికి తేవడం’ అనే లక్ష్యంతో సాగే ఈ పనిలో మొదట తుడిచిపెట్టుకుపోయేది ఈ దస్తావేజే. అందువల్ల ఏ భాగాన్ని మార్చాలి, దేనిని ఉంచాలి, మార్చినదానిని ఎలా నమోదు చేయాలి అనే ప్రశ్నలు చరిత్ర పరిశోధకులకు కూడా సంబంధించినవే.

2. వాల్వు రేడియో నిర్మాణం

ఫ్లెమింగ్ 1904లో రూపొందించిన రెండు ఎలక్ట్రోడ్‌ల వాల్వుకు లీ డి ఫారెస్ట్ 1906లో మూడవ ఎలక్ట్రోడ్‌ను చేర్చాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో సూపర్‌హెటరోడైన్ పద్ధతిని రూపొందించాడు. 1930వ దశకం మధ్యనాటికి గృహ రేడియోలలో ఈ పద్ధతే ప్రధానమైంది. ఏరియల్ నుంచి వచ్చిన సంకేతాన్ని మొదటి వాల్వు 455 కిలోహెర్ట్జ్ పరిసరాలలోని ఒక స్థిర పౌనఃపున్యానికి మారుస్తుంది. రెండవది దానిని పెంచుతుంది. మూడవది అందులోనుంచి ధ్వనిని వేరుచేసి కొంత పెంచుతుంది. నాల్గవది స్పీకర్‌ను నడిపే శక్తిని ఇస్తుంది. ఐదవది ఇంటి విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. ‘ఐదు వాల్వుల రేడియో’ అనే వ్యవహారానికి మూలం ఈ అమరికే.

ఈ వాల్వులు పనిచేయడానికి రెండు రకాల విద్యుత్తు కావాలి. తంతువును వేడిచేయడానికి కొద్ది వోల్టులు చాలు. ఆనోడ్‌కు మాత్రం సాధారణంగా 90 నుంచి 250 వోల్టుల వరకు అవసరం. తంతువుల వేడిమి, ఈ హెచ్చు వోల్టేజి, తేమ అనే మూడు కారణాలు కలిసి చుట్టూ ఉన్న విడిభాగాలను క్రమంగా క్షీణింపజేస్తాయి. వాల్వులే ముందుగా చెడతాయన్న అభిప్రాయం ప్రచారంలో ఉన్నా, దీర్ఘకాలం మూలనపడిన రేడియోలో తొలుత అనుమానించవలసినవి కెపాసిటర్లు.

3. కెపాసిటర్లు

మరమ్మతు దుకాణాలలో కెపాసిటరును ‘కండెన్సర్’ అంటారు. వాల్వు రేడియోలో వీటి ప్రధాన రకాలు రెండు: మైనపు పూతతో ఉండే కాగితపు కండెన్సర్, అల్యూమినియం డబ్బాలోని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్.

3.1 కాగితపు కండెన్సర్లు

పలుచని లోహపు రేకుల మధ్య కాగితాన్ని ఉంచి చుట్టి, మైనంలోనో నూనెలోనో నానబెట్టి వీటిని తయారుచేసేవారు. కాలక్రమంలో కాగితం తేమను పీల్చుకొని విద్యుత్తును కొద్దికొద్దిగా పోనిస్తుంది. కోస్తా ప్రాంతపు ఉక్కపోత వాతావరణం దీనికి మరింత అనుకూలం. అన్నిచోట్లా ఈ లోపపు ఫలితం సమానంగా ఉండదు. ధ్వని వాల్వు ఆనోడ్‌కు, అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు నడుమ ఉండే కప్లింగ్ కండెన్సరులో అది అత్యంత హానికరం. ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. ఆనోడ్‌పై 100 వోల్టులు, కండెన్సర్ నిరోధం కోటి ఓములకు పడిపోయింది, గ్రిడ్ రెసిస్టరు విలువ 4.7 లక్షల ఓములు అనుకుంటే గ్రిడ్‌పై సుమారు 4.5 వోల్టుల ధన వోల్టేజి చేరుతుంది. ఈఎల్‌84 వంటి అవుట్‌పుట్ వాల్వుకు ఉండవలసిన ఋణ బయాస్ దాదాపు 7 వోల్టులే. కనుక ఆ వాల్వులో ప్రవాహం పెరిగి, మొదట వాల్వు, తర్వాత అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటాయి. కొద్ది ఖరీదు చేసే భాగాన్ని ఉపేక్షించినందుకు దొరకడం కష్టమైన భాగం కాలిపోతుంది.

సాధారణ మల్టీమీటరు తక్కువ వోల్టేజితో కొలుస్తుంది కాబట్టి ఈ లోపాన్ని చాలాసార్లు పట్టుకోలేదు. రేడియో పనిచేస్తుండగా గ్రిడ్ రెసిస్టరు మీద ధన వోల్టేజి ఉన్నదేమో చూడటం నమ్మదగిన పద్ధతి. కండెన్సర్ ఒక కొసను విడదీసినప్పుడు ఆ వోల్టేజి పోతే దోషం కండెన్సరుది, పోకుంటే వాల్వుదే.

3.2 ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు

వీటిలో విద్యుత్తును అడ్డేది అల్యూమినియంపై ఏర్పడే అతి పలుచని ఆక్సైడు పొర. రేడియోను ఏళ్లతరబడి వాడకపోతే ఈ పొర క్షీణిస్తుంది. అటువంటి రేడియోను నేరుగా 230 వోల్టులకు తగిలిస్తే కండెన్సర్ వేడెక్కి పగలవచ్చు, రెక్టిఫయర్ వాల్వు, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోవచ్చు. పెద్ద విలువ గల రెసిస్టరు ద్వారా తక్కువ వోల్టేజితో మొదలుపెట్టి గంటల తరబడి నెమ్మదిగా పెంచితే కొన్నింటిలో పొర మళ్లీ ఏర్పడుతుంది. లోపలి ద్రవం ఎండిపోయినవి ఈ ప్రయత్నానికి లొంగవు. తొలిసారి విద్యుత్తు ఇచ్చేటప్పుడు వరుసలో ఒక బల్బును కలిపే పాత దుకాణాల అలవాటు నేటికీ శ్రేష్ఠమైనదే. లోపల షార్టు ఉంటే బల్బు ప్రకాశవంతంగా వెలిగి రేడియోను కాపాడుతుంది.

కొత్త కండెన్సర్ వేసేటప్పుడు ‘ఎక్కువ విలువ అయితే మంచిదే’ అన్న భావన ప్రమాదకరం. రెక్టిఫయర్ వాల్వును అనుసరించే మొదటి కండెన్సరుకు ఆ వాల్వు తయారీదారు ఒక గరిష్ఠ పరిమితి విధిస్తాడు. దానిని మించితే స్విచ్ వేసిన ప్రతిసారీ వాల్వు మీద అధిక భారం పడుతుంది.

3.3 భద్రతకు సంబంధించినవి

విద్యుత్ తీగలకు అడ్డంగాను, ట్రాన్స్‌ఫార్మర్ లేని రేడియోలలో ఏరియల్, ఎర్త్ మార్గాలలోను ఉండే కండెన్సర్లు మనిషి ప్రాణానికి సంబంధించినవి. 20వ శతాబ్ది ప్రథమార్ధంలో కలకత్తా వంటి నగరాలలో డీసీ, ఏసీ సరఫరాలు రెండూ ఉండేవి. రెండింటితోనూ పనిచేసే ‘ఏసీ/డీసీ’ రేడియోల ఆవశ్యకత అందుకే ఏర్పడింది. వీటిలో ఇనుప ఛాసిస్ నేరుగా విద్యుత్ తీగకు కలిసి ఉంటుంది. ఏరియల్ కండెన్సర్ చెడితే ఏరియల్ తీగను ముట్టుకున్నవారికి షాకు తగులుతుంది. ఈ స్థానాలలో చారిత్రకత పేరిట పాత భాగాన్ని పనిలో ఉంచడం సమర్థనీయం కాదు. నేటి భద్రతా ప్రమాణాలకు లోబడిన భాగాలనే వాడాలి.

4. రెసిస్టర్లు, కొలతలు, స్పీకర్

ఆ కాలపు కార్బన్ రెసిస్టర్ల విలువ సాధారణంగా కాలంతోపాటు పెరుగుతుంది. అయితే వాటిని తయారుచేసిన నాడే 20 శాతం వ్యత్యాసం అంగీకార్యం. సర్క్యూట్లను ఆ వ్యత్యాసం దృష్టిలో ఉంచుకొనే రూపొందించారు. 2.2 లక్షల ఓముల రెసిస్టరు 2.5 లక్షలు చూపినంత మాత్రాన తొలగించవలసిన పనిలేదు.

ఇక్కడ కొలమానపు చరిత్ర కూడా గమనార్హం. పాత సర్వీసు పత్రాలలోని వోల్టేజీలను అనేక సందర్భాలలో వోల్టుకు 1,000 ఓముల మీటర్లతో కొలిచారు. 250 వోల్టుల రేంజిలో అటువంటి మీటరు నిరోధం 2.5 లక్షల ఓములు మాత్రమే. అంతే విలువ గల ఆనోడ్ రెసిస్టరున్న చోట ఆ మీటరే వోల్టేజిని గణనీయంగా తగ్గించి చూపుతుంది. నేటి డిజిటల్ మీటరు నిరోధం సాధారణంగా కోటి ఓములు. అది చూపే హెచ్చు విలువను పత్రంతో పోల్చి దోషంగా భావిస్తే ఆరోగ్యంగా ఉన్న భాగాలనే పీకివేయవలసి వస్తుంది. పత్రంలోని అంకెను నాటి పనిముట్టుతో కలిపి చదవాలి. శాసన పాఠాన్ని నాటి లిపితో కలిపి చదవడం వంటిదే ఇది.

స్పీకర్ విషయంలో సమస్య మరో రూపం దాలుస్తుంది. బలమైన శాశ్వత అయస్కాంతాలు చవకగా లభించకముందు స్పీకరులో విద్యుదయస్కాంతాన్ని వాడేవారు. ఆ ఫీల్డ్ కాయిల్‌ను విద్యుత్ సరఫరాలోని హమ్మును తగ్గించే చోక్‌గా కూడా ఉపయోగించుకొనేవారు. 1,500 ఓముల కాయిల్‌లో 60 మిల్లీ యాంపియర్లు ప్రవహిస్తే దాని మీద 90 వోల్టులు పడిపోతాయి. కాయిల్ తెగినప్పుడు శాశ్వత అయస్కాంతపు స్పీకర్ పెట్టి తీగలు కలిపేస్తే ఆ 90 వోల్టులూ ముందున్న వాల్వుల మీద పడతాయి. తగిన రెసిస్టరునో చోక్‌నో చేర్చాలి, లేదా అదే కాయిల్‌ను తిరిగి చుట్టించాలి. చుట్టు విప్పేటప్పుడు చుట్ల సంఖ్యను, తీగ మందాన్ని, చుట్టిన దిశను రాసిపెట్టుకునే వైండింగ్ పనివాని నోటు పుస్తకం ఈ దృష్టితో చూస్తే ఒక సాంకేతిక చరిత్ర గ్రంథమే.

5. వాల్వులు: కొరత, ప్రత్యామ్నాయం

యూరోపియన్ వాల్వుల పేర్లలోనే వాటి స్వభావం ఇమిడి ఉన్నది. మొదటి అక్షరం తంతువును తెలుపుతుంది. ‘ఈ’ అంటే 6.3 వోల్టులు, ‘యూ’ అంటే 100 మిల్లీ యాంపియర్ల వరుస అమరిక, ‘డీ’ అంటే బ్యాటరీకి తగిన 1.4 వోల్టుల తరగతి. ఆ ప్రకారం ఈఎల్‌84 ట్రాన్స్‌ఫార్మర్ గల రేడియోకు, యూఎల్‌41 ఏసీ/డీసీ రేడియోకు, డీఎల్‌96 విద్యుత్తు లేని చోట 90 వోల్టుల బ్యాటరీతో నడిచే రేడియోకు చెందుతాయి. ఒక ఇంట దొరికిన రేడియోలోని వాల్వుల పేర్లను బట్టి అది ఎటువంటి విద్యుత్ సరఫరాను ఉద్దేశించి తయారైనదో చెప్పవచ్చు. గ్రామీణ విద్యుదీకరణ చరిత్రకు ఇది అదనపు ఆధారం.

అసలు వాల్వు దొరకనప్పుడు మరొకటి అమర్చడం మరమ్మతు చరిత్రలో సర్వసాధారణం. అమెరికాలో 1942 ఏప్రిల్‌లో యుద్ధోత్పత్తి మండలి పౌర రేడియోల తయారీని నిలిపివేయడంతో ఉన్న రేడియోలను బతికించుకోవడమే మార్గమైంది. బ్రిటన్‌లో 1944లో అనేక సంస్థలు ఒకే నమూనాతో యుద్ధకాలపు పౌర రేడియోను తయారుచేయవలసి వచ్చింది. స్వాతంత్ర్యానంతర భారతదేశంలో దిగుమతి లైసెన్సుల విధానం విదేశీ విడిభాగాల లభ్యతను పరిమితం చేసింది. 1954లో బెంగళూరులో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీని ప్రారంభించింది. ఇటువంటి పరిస్థితులలో సాకెట్ మార్చి, తంతువు వోల్టేజికి తగిన రెసిస్టరు చేర్చి, దొరికిన వాల్వుతో రేడియోను పలికించడం మరమ్మతుదారుని నైపుణ్యానికి గీటురాయి.

నేటి పునరుద్ధరణలో ఇటువంటి మార్పును ‘కల్తీ’గా భావించి తొలగించే ధోరణి కనిపిస్తుంది. విదేశీ రేడియోలో బెంగళూరు వాల్వు ఉంటే దాని స్థానంలో యూరప్ నుంచి తెప్పించిన పాత వాల్వును పెట్టడం ఇటువంటిదే. అలా చేసినప్పుడు రేడియో కర్మాగారం నుంచి వచ్చిన రోజును పోలుతుంది. ఈ దేశంలో అది జీవించిన దశాబ్దాలు మాత్రం దాని నుంచి తొలగిపోతాయి.

6. డయల్

డయల్ గాజు మీద ముద్రించిన నగరాల పేర్లు, తరంగదైర్ఘ్యాలు తయారీ కాలపు ప్రసార భూగోళాన్ని చూపుతాయి. 1975 జెనీవా ఒప్పందం ప్రకారం 1978 నవంబరు 23 నుంచి ఆసియా, యూరప్, ఆఫ్రికాలలో మీడియం వేవ్ కేంద్రాలు 9 కిలోహెర్ట్జ్ అంతరంతో పునర్వ్యవస్థీకరింపబడ్డాయి. హైదరాబాదు ‘ఎ’ కేంద్రపు 738, విజయవాడ కేంద్రపు 837 కిలోహెర్ట్జ్ రెండూ 9తో నిశ్శేషంగా భాగింపబడటానికి కారణమిదే. అందువల్ల 1950, 1960 దశకాల డయల్ మీద గుర్తించిన చోట ఒక కేంద్రం నేడు ఖచ్చితంగా వినిపించకపోవడం రేడియో దోషం కానవసరం లేదు. ముల్లును పేరుకు సరిపెట్టాలని లోపలి ట్రిమ్మర్లను తిప్పితే మిగిలిన బ్యాండు అంతా చెడుతుంది.

గాజు మీది అక్షరాలు అనేక రేడియోలలో నీటిగుడ్డకే ఊడిపోయేంత బలహీనంగా ఉంటాయి. వాటిని శుభ్రపరచకుండా వదిలివేయడమే చాలాసార్లు ఉత్తమమైన మరమ్మతు. పెచ్చులూడిన డయల్‌కు నకలు ముద్రించవలసి వస్తే అసలు గాజును పారవేయక భద్రపరచాలి.

7. పునరుద్ధరణ నీతి

ఇటాలియన్ సిద్ధాంతకర్త చేజరే బ్రాండీ 1963లో ప్రచురించిన పునరుద్ధరణ సిద్ధాంతంలో కళాకృతులకు, పారిశ్రామిక వస్తువులకు నడుమ భేదం చూపాడు. పారిశ్రామిక వస్తువు విషయంలో పనితనాన్ని తిరిగి రప్పించడమే లక్ష్యమని, కళాకృతి విషయంలో చారిత్రక మోసానికి పాల్పడకుండా, కాలం వేసిన గుర్తులను చెరిపివేయకుండా దాని ఐక్యతను నెలకొల్పాలని ఆయన వాదన. 1964 నాటి వెనిస్ ప్రకటన కట్టడాలను ఉద్దేశించి మూడు సూత్రాలు చెప్పింది. కొత్తగా చేర్చిన భాగం మొత్తంతో పొసగాలి గాని అసలు భాగం నుంచి గుర్తించగలిగేలా ఉండాలి. వివిధ కాలాలలో జరిగిన విలువైన చేర్పులను గౌరవించాలి. చేసిన పని అంతటినీ నమోదు చేయాలి.

వాల్వు రేడియో ఈ రెండు వర్గాల సరిహద్దులో ఉన్నది. అది తయారైన నాడు కేవలం పారిశ్రామిక వస్తువు, నేడు చారిత్రక వస్తువు కూడా. ఈ ద్వంద్వస్థితి స్పష్టంగా బయటపడేది ‘రీస్టఫింగ్’ పద్ధతిలో. పాత కండెన్సర్ గొట్టాన్ని వేడిచేసి లోపలి చుట్టను తీసి, అందులో చిన్న పాలియెస్టర్ కండెన్సరును ఇమిడ్చి, కొసలను మైనంతో మూయడం ఈ పద్ధతి. పైకి ఏ మార్పూ కనిపించదు. కంటికి ఇంపైన ఈ పని వెనిస్ సూత్రాలలో మొదటిదానికి విరుద్ధం, భవిష్యత్ పరిశోధకుని పొరపాటుపడేలా చేసేది. గొట్టం లోపల తేదీ రాసిన చీటీ ఉంచి, ఛాసిస్ అడుగున వివరం అతికిస్తే ఆ అభ్యంతరం చాలావరకు తొలగుతుంది.

పై పరిశీలన ఆధారంగా విడిభాగాలను నాలుగు తరగతులుగా విభజించవచ్చు.

1. ప్రాణాపాయం కలిగించేవి: విద్యుత్ తీగ, దానికి అనుబంధ కండెన్సర్లు, పొడిబారి రాలుతున్న రబ్బరు తొడుగు తీగలు. రేడియోకు విద్యుత్తు ఇవ్వదలిస్తే వీటిని తప్పక మార్చాలి.
2. ఇతర భాగాలను నాశనం చేసేవి: కప్లింగ్, ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు. వీటిని మార్చి, పాతవాటిని వివరంతో సహా సంచిలో కట్టి పెట్టెలోనే ఉంచాలి.
3. విలువ మారినా పనిచేస్తున్నవి: పరిమితిలో ఉన్న రెసిస్టర్లు, బలం తగ్గిన వాల్వులు. వీటిని కదిలించకూడదు.
4. సాక్ష్యంగా విలువైనవి: డయల్, లేబుళ్లు, చేతిరాతలు, పూర్వపు మరమ్మతులు. ప్రమాదకరమైనవి కానంతవరకు వీటిని యథాతథంగా ఉంచాలి.

పూర్వపు మరమ్మతు ప్రమాదకరమైనదైతే దానిని తొలగించక తప్పదు. అప్పుడు తొలగించే ముందు ఛాయాచిత్రం తీసి, సర్క్యూట్ గీసి, ఏ వాల్వు బదులు ఏది అమర్చారో రాసి ఉంచడం కనీస బాధ్యత.

ఒక మినహాయింపు కూడా అవసరం. అరుదైన నమూనా, కర్మాగారపు సోల్డరింగ్ చెక్కుచెదరకుండా మిగిలిన రేడియో, లేదా లైసెన్సు పుస్తకంతో, కొనుగోలు రసీదుతో సహా లభించిన రేడియో విషయంలో దానిని పలికించకపోవడమే మేలు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద ఆ కాలంలో రేడియో కలిగి ఉండటానికి లైసెన్సు తప్పనిసరిగా ఉండేది. తపాలా కార్యాలయంలో రుసుము చెల్లించిన ఆ పుస్తకం రేడియో కాలాన్ని, స్థలాన్ని స్థిరపరుస్తుంది. అంతటి సాక్ష్యం ఉన్న వస్తువును మాట్లాడించడానికి అదే నమూనాకు చెందిన మరో రేడియోను ఎంచుకోవచ్చు.

8. ముగింపు

వాల్వు రేడియోలో భాగాలు చెడిపోవడానికి కారణాలు భౌతికమైనవి. వాటిని బాగుచేసిన తీరుకు కారణాలు మాత్రం చారిత్రకమైనవి. ఏ వాల్వు దొరికింది, ఏ ఊరికి ఏ విద్యుత్తు వచ్చింది, కొత్త రేడియో కొనడం కంటె పాతదానిని ఎందుకు బాగుచేయించుకున్నారు అనే ప్రశ్నలకు సమాధానాలు ఛాసిస్ అడుగున లభిస్తాయి. తెలుగు ప్రాంతాల ప్రసార చరిత్రలో శ్రోతల పక్షాన లభించే రాతపూర్వక ఆధారాలు స్వల్పం కనుక ఈ భౌతికాధారాల విలువ మరింత హెచ్చు. విశ్వవిద్యాలయాల చరిత్ర, జర్నలిజం శాఖలు వృద్ధ మరమ్మతుదారుల మౌఖిక కథనాలను సేకరించేటప్పుడు వారి చేతిపని మిగిలిన రేడియోలను కూడా ఆ కథనాల పక్కన ఉంచి పరిశీలించడం అవసరం. కథనం చెప్పేవారి తరం వేగంగా తరిగిపోతున్నది. వారు వేసిన అతుకులనైనా తొందరపడి విప్పకుండా ఉంచితే తరువాతి పరిశోధకునికి చదువుకోవడానికి ఒక మూలం మిగులుతుంది.